వేసవిలో క్యాన్లలో పాలు విరిగి సగం ధరకు పోతుంటే, బల్క్ కూలర్ కొనే ముందు

తర్వాత చదివేవాళ్లకు అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు నాలుగు ముక్కల్లో రాస్తాను. మార్కాపురం వైపు మీ ఊళ్లో పాల కేంద్రం నడుపుతున్నారు. పూటకు 600 లీటర్లు, దాదాపు అన్నీ గేదె పాలు, పోసేవాళ్లు 90 ఇళ్ల దాకా. సాయంత్రం 5 నుంచి 7 వరకు పోయించుకుంటారు, రూటు బండి ఎనిమిదిన్నరకు వస్తుంది, పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటరుకు చేరేసరికి పది దాటుతుంది. ఏప్రిల్ మొదలయ్యాక రోజూ రెండు క్యాన్లు సవర్ (పులిసినవి) అని రాసి సగం ధరే కడుతున్నారు. సొంతంగా 1000 లీటర్ల బల్క్ కూలర్ (పాలను కేంద్రంలోనే చల్లబరిచే ట్యాంకు) పెట్టుకోవాలా, పోనీ ఐస్ వాడొచ్చా, పక్క ఊరి సెక్రటరీ చెప్పినట్టు చిటికెడు సోడా వేస్తే తప్పేంటి అని అడిగారు.

పాల సేకరణలోనూ క్వాలిటీలోనూ చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

సోడా సంగతి ముందు తేల్చేద్దాం. వేయొద్దు. సోడా పులుపును కనబడకుండా చేస్తుంది, అంతే. ఆ పులుపు పుట్టించిన సూక్ష్మజీవులు పాలల్లో అలాగే ఉంటాయి. పైగా వాటిని కాస్తయినా ఆపుతున్నది ఆ పులుపే. అది పోయాక ఇంకా జోరుగా పెరుగుతాయి. డెయిరీలో పాలు దించుకునే డాక్ మీద రోజాలిక్ యాసిడ్ నాలుగు చుక్కలు వేస్తే పాలు గులాబీ ఎరుపుకు తిరుగుతాయి, ఎవరికీ పెద్ద చదువు అక్కర్లేదు. 2006 ఆహార భద్రత చట్టం కింద అది కల్తీ. సగం ధర నష్టం ఎక్కడ, కేంద్రం మీద కల్తీ కేసు ఎక్కడ! హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఇంటర్నెట్‌లో లాక్టోపెరాక్సిడేజ్ పద్ధతి గురించి చదివి ఉంటారు. థయోసయనేట్, పెరాక్సైడ్ అతి కొద్ది మోతాదులో కలిపితే 30 డిగ్రీల దగ్గర పాలు 7, 8 గంటలు నిలుస్తాయని 1991లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ మార్గదర్శకం కూడా ఇచ్చింది. అది చల్లబరిచే దారి బొత్తిగా లేని ప్రాంతాల కోసం రాసినది. మన దగ్గర పాలల్లో పెరాక్సైడ్ దొరికితే కల్తీ కిందే రాస్తారు. ఆ ఆలోచన పక్కన పెట్టండి.

ఇక అసలు విషయం. మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడింది ఒకటే: పూటకు 15 క్యాన్లు వెళ్తుంటే విరుగుతున్నవి రెండు. బండి ఆలస్యమే కారణమైతే పదిహేనూ విరగాలి. ఎండే కారణమైనా పదిహేనూ విరగాలి. అదే బండిలో, అదే దారిలో, అదే ఉక్కలో వెళ్లిన పదమూడు క్యాన్లు బాగానే దిగుతున్నాయి. అంటే ఆ రెండు క్యాన్ల పాలు మీ కేంద్రంలోకి వచ్చేటప్పటికే సగం చెడి వస్తున్నాయి. అలాంటి పాలను ఎంత మంచి కూలర్‌లో పోసినా అది బాగుచేయదు. ఇంకా చెప్పాలంటే ఇప్పుడు రెండు క్యాన్లతో పోతున్న నష్టం, కూలర్ పెట్టాక మొత్తం ట్యాంకుకు పాకుతుంది. క్యాన్లలో ఉంటే కనీసం ఏది చెడిందో తెలుస్తుంది.

ఇది ఎందుకు జరుగుతుందో ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. ఉరామరి లెక్కే, ల్యాబ్ లెక్క కాదు. పొదుగు నుంచి వచ్చేటప్పుడు పాలు 37, 38 డిగ్రీలుంటాయి. మొదటి రెండు గంటలు పాలల్లో సహజంగా ఉన్న రక్షణ వల్ల సూక్ష్మజీవులు పెద్దగా పెరగవు. ఆ తర్వాత ఈ వేడిలో దాదాపు అరగంటకోసారి రెట్టింపవుతాయి. సాయంత్రం నాలుగింటికి పితికిన పాలు పదిన్నరకు గానీ చల్లబడకపోతే మొత్తం ఆరున్నర గంటలు. రక్షణ ఉన్న రెండు గంటలు తీసేస్తే నాలుగున్నర గంటలు, అంటే తొమ్మిది రెట్టింపులు, 512 రెట్లు. శుభ్రమైన పాత్రలో పితికి మిల్లీలీటరుకు 10,000 సూక్ష్మజీవులతో మొదలైతే చిల్లింగ్ సెంటరులో 50 లక్షల దగ్గర దిగుతాయి. గొప్ప పాలేమీ కాదు గానీ విరగవు. అదే జిడ్డు పాత్రలో పితికి లక్షతో మొదలైతే? 5 కోట్లు. కోటి దాటితేనే కాచినప్పుడు విరిగే ప్రమాదం మొదలవుతుంది.

ఇదే లెక్కను తిరగేసి చూడండి. మొదటి సంఖ్య పదోవంతుకు తగ్గితే మూడు రెట్టింపులకు పైన మిగిలినట్టు. సమయంలో చెప్పాలంటే గంటా నలభై నిమిషాలు. బండిని గంటన్నర ముందు రప్పించడానికి మీరు డెయిరీ చుట్టూ ఎన్నిసార్లు తిరగాలి? ఒక పాత్రను సరిగ్గా తోమితే అంత సమయం చేతికొస్తుంది.

కాబట్టి మొదటి పని, ఆ రెండు క్యాన్లు ఎవరివో పట్టుకోవడం. క్యాన్లకు పెయింటుతో నంబర్లు వేయండి. ఏ క్యానులో ఎవరెవరి పాలు పడ్డాయో పుస్తకంలో రాయండి. 40 లీటర్ల క్యానులో మీ లెక్కన ఆరేడు ఇళ్ల పాలు పడతాయి. డెయిరీ నుంచి సవర్ రిపోర్టు వచ్చినప్పుడు దాని మీద క్యాను నంబరు అడిగి రాయించుకోండి, ఇస్తారు. కొన్నాళ్లు చూస్తే అవే నాలుగైదు పేర్లు మళ్లీ మళ్లీ కనబడతాయి. అప్పుడు వాళ్ల పాలకు మాత్రం క్యానులో పోసే ముందు కాచి చూసే పరీక్ష చేయండి: టెస్ట్ ట్యూబులో 5 మిల్లీలీటర్లు తీసి మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే చాలు. విరిగితే ఆ ఇంటి పాలు వేరుగా పెట్టండి. మూడు లీటర్ల చెడ్డ పాలు 40 లీటర్లను ముంచకూడదు. రద్దీ వేళ ఐదు నిమిషాలు కష్టమంటే ఆల్కహాల్ పరీక్ష ఉంది. 68 శాతం ఆల్కహాల్, పాలు సమానంగా కలిపి ఊపితే పలుకులు కడతాయో లేదో క్షణాల్లో తేలుతుంది. అన్నిటికన్నా చవకైన పరీక్ష మీ ముక్కు. మూత తీసిన క్షణంలో వాసన చూడాలి, ఆగితే గాలికి పోతుంది. పాత టెస్టర్లకు ఇది అలవాటు. మెషిన్లు వచ్చాక ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) అంకెలు చూడటమే తప్ప మూత దగ్గర వంగేవాళ్లు తగ్గిపోయారు.

ఒక జాగ్రత్త. విరిగిన ప్రతి పాలూ పులిసినవి కావు. ఈనిన మొదటి ఐదు రోజుల జున్నుపాలు తెలియకుండా కలిపినా కాచితే విరుగుతాయి. పొదుగువాపు ఉన్న గేదె పాలు, వట్టిపోయే దశలో ఉన్న గేదె పాలు కూడా ఆల్కహాల్ పరీక్షలో పలుకులు కడతాయి. అందుకే పేరు పట్టుకోగానే తిట్టడం కాదు, ఇంటికి వెళ్లి చూడాలి. అందరి ముందూ, కేంద్రం దగ్గర క్యూలో, "మీ పాలు చెడినయ్" అంటే మర్నాటి నుంచి ఆ పాలు ప్రైవేటు వెండరు డబ్బాలోకి పోతాయి.

ఇంటికి వెళ్లినప్పుడు ఏం చూడాలి? ముందు పాలు తెచ్చే పాత్ర. మన దగ్గర ఎక్కువగా కనబడేది రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా లేదా పెయింటో నూనో వచ్చిన ప్లాస్టిక్ డబ్బా. వాటి మెడలోకి చెయ్యి దూరదు, గీతలు పడిన లోపలి గోడ మీద పాల పొర ఎండిపోయి ఉంటుంది, ఎంత ఊపి కడిగినా పోదు. స్టీలు పాత్రలో తేవాలన్న ఒక్క షరతు గట్టిగా పెట్టిన చోట సవర్ సగానికి సగం తగ్గడం నేను చూశాను. రెండోది, పొద్దున మిగిలిన పాలు. పొద్దున బండి అందలేదనో, చుట్టాలొస్తారని ఆపుకున్నవనో అర లీటరు ఇంట్లో ఉండిపోతుంది. సాయంత్రం గుమ్మపాలల్లో అది కలిపేస్తారు. పది గంటలు నిలవున్న ఆ అర లీటరు చాలు. దీని మీద ఎవరినీ నిలదీయక్కర్లేదు. "మిగిలిన పాలు తోడేసుకోండమ్మా, ఇక్కడికి తేవద్దు" అని పదే పదే చెబితే మానుతారు.

తర్వాత మీ కేంద్రం. వడగట్టే గుడ్డ ఒక్కటే పెట్టి 90 ఇళ్ల పాలూ దాని మీదే పోస్తున్నారా? సాయంత్రమంతా తడిగా, వెచ్చగా, పాల చెత్తతో ఉండే ఆ గుడ్డ సూక్ష్మజీవులకు పుట్టిల్లు. నాలుగు గుడ్డలు పెట్టుకుని అరగంటకొకటి మార్చి, రాత్రి ఉడకబెట్టి, ఎండలో ఆరేయండి. స్టీలు జల్లెడ ఉంటే ఇంకా మంచిది.

ఇక క్యాన్లు. ఖాళీ క్యాను తీసుకుని మెడ లోపలి అంచు కింద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పండి. వేలికి జిడ్డుగా, కాస్త గరుకుగా తగిలితే అది పాలరాయి, అంటే పాలు ఎండి గట్టిపడిన పొర. మూతకు ఉన్న రబ్బరు రింగు ఊడదీసి దాని గాడిలో చూడండి. పసుపుపచ్చ ముద్ద, పుల్లటి వాసన. డెయిరీలో మెషిన్ కడిగిన క్యాన్లే కదా అనుకుంటాం గానీ ఆ రింగును మెషిన్ ఊడదీయదు. కడిగిన క్యానును తడిగానే మూత బిగించి బండి ఎక్కిస్తారు, రాత్రంతా లోపల ఆవిరి. పొద్దున మూత తీస్తే ఒక రకమైన ముక్కిన వాసన కొడుతుంది, మీరు గమనించే ఉంటారు. అందుకని క్యాను దిగగానే మూత తీసి, వేడినీళ్లు తిప్పి, బోర్లించి ఎండనివ్వండి. మీరే కడిగేదుంటే వరస ముఖ్యం: ముందు మామూలు నీళ్లతో పాలు పోయేదాకా తొలచాలి, ఆ తర్వాతే వేడినీళ్లూ చాకలి సోడా బ్రష్షూ, చివర మరిగే నీళ్లు. మొదటే వేడినీళ్లు పోస్తే పాలలో ప్రోటీను గోడకు ఉడికి అంటుకుంటుంది, అదే పాలరాయికి మొదలు. అల్యూమినియం క్యాన్లకు కాస్టిక్ సోడా తగలనివ్వొద్దు, లోహాన్ని తినేస్తుంది. మీ వైపు నీళ్లు గట్టి నీళ్లు కాబట్టి తెల్లటి పొర త్వరగా కడుతుంది. వారానికోసారి డెయిరీవాళ్లు వాడే యాసిడ్ క్లీనరు అడిగి తెచ్చుకుని వాడండి.

ఒక కేంద్రం సంగతి చెబుతాను. అక్కడ ఎప్పుడు చూసినా చివరి రెండు క్యాన్లే విరిగేవి. మొదటి క్యాన్లు కేంద్రంలో మూడు గంటలు నిలవుంటే చివరివి అరగంట కూడా ఉండవు, అయినా విరిగేవి అవే. సెక్రటరీ బండి డ్రైవరును అనుమానించాడు, డ్రైవరు డెయిరీని. తీరా చూస్తే ఊరికి దూరంగా ఒక తండా ఉంది. అక్కడి పాలు ఒకతను మోటారు సైకిలు మీద రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో తెస్తున్నాడు. మూడింటికే మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరిగి కేంద్రానికి ఏడింటికి చేరతాడు. అంటే చివర వచ్చిన పాలే అన్నిటికన్నా పాతవి! అతని డబ్బాల స్థానంలో రెండు చిన్న స్టీలు క్యాన్లు ఇచ్చారు, అతను వచ్చే సరికి క్యూ ఆపి ముందు అతని పాలే పోయించుకున్నారు, తండాలో నాలుగున్నరకు ముందు పితకొద్దని ఒప్పించారు. ఇంకేం చేయలేదు. మీ దగ్గర కూడా పాలు కేంద్రానికి వచ్చిన సమయం కాదు, పితికిన సమయం అడగండి.

ఐస్ సంగతి. పాలల్లో ఐస్ ముక్కలు వేయడం మాట వద్దు, అది నీళ్లు కలపడమే, ఆ ఐస్ ఏ నీళ్లతో చేశారో కూడా తెలియదు. క్యాను చుట్టూ పెట్టడమో, మూసిన స్టీలు గొట్టంలో ఐస్ నింపి క్యానులోకి దించడమో చేయొచ్చు. కానీ లెక్క చూసుకోండి: 40 లీటర్ల పాలను 35 నుంచి 15 డిగ్రీలకు దించాలంటే, ఏమీ వృథా కాకపోయినా, 8 కిలోల పైన ఐస్ కరగాలి. వృథాతో కలిపి పది పన్నెండు కిలోలు వేసుకోండి. పదిహేను క్యాన్లకూ పెడితే మీ కమీషన్ ఐస్ ఫ్యాక్టరీకి పోతుంది. ఐదింటికి నిండే మొదటి నాలుగైదు క్యాన్లకే వాడండి, నిలవుండేది అవే కదా. పెట్టాక పావుగంటకోసారి ప్లంజర్‌తో (పాలు కలిపే కాడతో) పాలు తిప్పాలి. తిప్పకపోతే గోడ దగ్గర చల్లగా, నడిమధ్య వెచ్చగానే ఉంటాయి.

మీ వైపు ఇంకో మార్గం ఉంది, ఖర్చు లేనిది. క్యాన్లకు తడి గోనెపట్టాలు చుట్టి నీడలో, గాలి ఆడే చోట పెట్టడం. మార్కాపురం, కనిగిరి, కంభం వైపు ఎండ పొడి ఎండ, గాలిలో తేమ తక్కువ. గోనెపట్టా ఆరుతూ ఆరుతూ క్యానును చల్లబరుస్తుంది. పాలు ఓ ఏడెనిమిది డిగ్రీలు దిగినా సూక్ష్మజీవుల రెట్టింపు అరగంట నుంచి దాదాపు గంటకు సాగుతుంది. ఇదే ఒంగోలు, చీరాల పక్క చేస్తే పెద్దగా పనిచేయదు, అక్కడి ఉక్కలో గుడ్డ ఆరదు. బోరు నీళ్ల తొట్టి కూడా కొంత సాయమే గానీ ఎండాకాలం మన బోరు నీళ్లే గోరువెచ్చగా వస్తాయి, దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

బండి దగ్గర రెండు విషయాలు. రూటులో మీ ఊరు మొదటిదైతే మీ పాలు బండిలోనే ఎక్కువ సేపు తిరుగుతున్నాయి. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలైనా రూటు తిరగేయమని సూపర్‌వైజరును అడగండి. అప్పుడు చివరి ఊరివాళ్లు గొడవ పడతారు, నిజమే. అందుకే ఒక్క మీ కేంద్రం కాకుండా రూటులోని సెక్రటరీలందరూ కూర్చుని అడిగితే రెండు బండ్లు తిప్పే ఆలోచన డెయిరీకే వస్తుంది. రెండోది సగం నిండిన క్యాను. పొద్దున లెక్క తేలక చివరి క్యాను సగమే నింపి పంపుతారు. గుంతల రోడ్డు మీద గంటన్నర కుదుపులకు గేదె పాలు, అందులోనూ ఏడు శాతం వెన్న ఉన్నవి, క్యానులోనే చిలికినట్టవుతాయి. వెన్న పలుకులు కట్టి మూతకు, మెడకు అంటుకుంటాయి. డాక్ మీద తీసే శాంపిలులోకి అవి రావు. "మా దగ్గర 7.2 వచ్చింది, అక్కడ 6.8 రాశారు" అని మనం కొట్లాడే ఫ్యాట్ తేడాలో కొంత భాగం ఇదే. డెయిరీ మోసం అసలే ఉండదని నేననను. మీరు కూడా శాంపిలు తీసే ముందు ప్లంజర్‌తో పైకీ కిందికీ బాగా తిప్పి తీయండి, మీ అంకె మీద మీకు నమ్మకం ఉంటేనే అక్కడ గట్టిగా మాట్లాడగలరు.

మన దేశంలో పాల నష్టం ఎంత అంటే లూథియానాలోని పంట కోత తర్వాతి నష్టాల పరిశోధన సంస్థ సిఫెట్ 2015 అధ్యయనంలో 0.92 శాతం అని, నాబార్డు సలహా సంస్థ నాబ్కాన్స్ 2022 అధ్యయనంలో 0.87 శాతం అని వచ్చింది. ఒక్క శాతం లోపే, ఇంత గొడవెందుకు అనిపిస్తుంది. ఉగాండాలో ఒకప్పుడు ఆహార వ్యవసాయ సంస్థ వేసిన అంచనా 27 శాతం. మన అంకె ఇంత చిన్నగా ఉండటానికి ఒక కారణం, మన దగ్గర పాలు పారబోయరు. విరిగే పాలు పెరుగవుతాయి, మజ్జిగవుతాయి, వెన్న తీసి నెయ్యి కాస్తారు, లేదా మీకు జరిగినట్టు సగం ధరకు పోతాయి. లీటర్ల లెక్కలో అవి నష్టం కావు. మీరు చెప్పిన 56 రూపాయల సగటు ధర మీద రోజుకు 80 లీటర్లకు సగం పోతే 2,240 రూపాయలు. రెండున్నర నెలల ఎండాకాలానికి లక్షా అరవై ఎనిమిది వేలు. ఏ సర్వేలోనూ ఇది కనబడదు.

కనబడని నష్టం ఇంకొకటి పొదుగులోనే ఉంది. బయటికి ఏమీ కనిపించని పొదుగువాపు ఉన్న గేదె ఇచ్చే పాలు మెల్లగా తగ్గుతాయి, దాణా మాత్రం అంతే తింటుంది. చేపడానికి దూడను వదిలాక చన్నులు కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలోకి తీసేయమనండి. నల్లటి పళ్లెంలోకి తీస్తే పలుకులుంటే తెలుస్తాయి. ఆ ధారల్లోనే సూక్ష్మజీవులు ఎక్కువ. వాటిని నేల మీదికి పిండొద్దు, రోగం పక్క గేదెకు పాకుతుంది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయించిన గేదె పాలు డాక్టరు చెప్పిన రోజులు గడిచేదాకా కేంద్రానికి రాకూడదు. వస్తే వాటితో పెరుగు తోడుకోదు, ఒక్కోసారి ట్యాంకు మొత్తం పక్కన పెట్టాల్సి వస్తుంది. రైతు ఆ మూడు నాలుగు రోజుల డబ్బు ఎందుకు వదులుకుంటాడు అంటే, వదులుకోడు. అందుకే చికిత్స జరుగుతున్న గేదె వివరం నిజం చెప్పినవాళ్లకు ఆ రోజుల్లో కొంత భాగమైనా కేంద్రం బోనసు నిధి నుంచి ఇవ్వగలరేమో మీ కమిటీలో మాట్లాడండి. బూజు పట్టిన వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క పెట్టొద్దని కూడా చెప్పండి. ఆ బూజు విషం అఫ్లాటాక్సిన్‌గా పాలల్లోకి దిగుతుంది, కాచినా పోదు. 2018లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతా తీసిన 6,432 శాంపిళ్లలో 368 హద్దు దాటినవి వచ్చాయి, ఆ సర్వేలో కల్తీ తేలిన శాంపిళ్లు పన్నెండే. మనం భయపడేది ఒకదానికి, ఉన్నది ఇంకొకటి.

ఇవన్నీ ఎవరికి చెప్పాలన్నది చాలాచోట్ల తప్పుతుంది. పాలు పితికేది, పాత్ర తోమేది, దూడను పట్టేది ఇంట్లో ఆడవాళ్లు. మీటింగుకు వచ్చి కుర్చీలో కూర్చునేది, బ్యాంకు ఖాతా ఉన్నది మగవాళ్లకు. 2002లో మొదలైన ముల్కనూరు మహిళా డెయిరీ, 2014లో తిరుపతిలో పెట్టిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ, రెంటిలోనూ సభ్యులు ఆడవాళ్లే. పాత్ర శుభ్రం మీద చెప్పిన మాట నేరుగా పాత్ర తోమే చేతికి చేరుతుంది, దాని డబ్బూ ఆ చేతికే వస్తుంది. మీది మామూలు సంఘమే అయినా పాలు పోయడానికి వచ్చే ఆడవాళ్లతో కేంద్రం దగ్గరే పది నిమిషాలు మాట్లాడితే పంచాయతీ ఆఫీసులో పెట్టే సభ కన్నా మేలు. డెయిరీని ఒకటి అడగండి: మిథిలీన్ బ్లూ పరీక్షలో (సూక్ష్మజీవులు ఎక్కువుంటే నీలం రంగు త్వరగా పోతుంది) రంగు 5 గంటలు నిలిచిన క్యాన్లకు లీటరుకు పావలా అర్ధా ఎక్కువ ఇస్తారా అని. ఫ్యాట్‌కు మాత్రమే డబ్బు ఇచ్చినంత కాలం రైతు ఫ్యాటే చూస్తాడు.

ఇక కూలర్. అది పనికిరాదని నేను అనడం లేదు. పాలు 4 డిగ్రీలకు దిగితే రాత్రి బండి భయం పోతుంది, రోజుకోసారి ట్యాంకరు వస్తే చాలు, చల్లబరిచినందుకు డెయిరీ ఇచ్చే చిల్లింగ్ చార్జీ మీకు మిగులుతుంది. కానీ ఒక్క ఎండాకాలం సవర్ కోసమే అయితే పెట్టుబడి తిరిగి రాదు, ఏడాది పొడవునా చిల్లింగ్ చార్జీ లెక్క కట్టి చూసుకోండి. ముందు డెయిరీతో ఒప్పందం కాగితం మీద ఉండాలి.

కరెంటు సంగతి చాలామంది చివర చూస్తారు. మీ త్రీ ఫేజ్ ఏ ఫీడరు మీద ఉంది? వ్యవసాయ ఫీడరైతే పగలు 9 గంటలే వస్తుంది, మీకు కావలసింది సాయంత్రం ఏడు తర్వాత. వేరే లైను వేయించుకోవడమో, జనరేటరో తప్పదు. 600 లీటర్లను 35 నుంచి 4కు దించాలంటే పాలల్లోంచి 21 యూనిట్ల వేడి తీయాలి, మంచి కంప్రెసర్ దానికి ఎనిమిది నుంచి పది యూనిట్ల కరెంటు తాగుతుంది. జనరేటర్ మీద నడిపే రోజుల డీజిల్ విడిగా రాసుకోండి. అమ్మేవాణ్ని "బయట ఎన్ని డిగ్రీలున్నప్పుడు మూడు గంటల్లో 4కు దిగుతుందని రాసిస్తావు?" అని అడగండి. 32 డిగ్రీల దగ్గర చూపించిన పనితనం మీ మే నెల 43 డిగ్రీల్లో రాదు. వేడి బయటికి వదిలే కండెన్సర్‌ను మూసిన గదిలో, రేకుల కింద పెట్టించొద్దు.

చల్లబరిచాం కదా అని రెండు రోజులు ఉంచడం కూడా కుదరదు. చలిలోనూ పెరిగే సూక్ష్మజీవులుంటాయి. అవి పాలను పులియబెట్టవు గానీ వాటి ఎంజైములు కాచినా చావవు, తర్వాత నెయ్యికి కంపు, పాల ప్యాకెట్‌కు చేదు వస్తాయి. ఏ రోజు పాలు ఆ రోజు పోవాలి.

క్యాన్ల పుస్తకం రెండు మూడు వారాలు రాసి, పాత్రలు మార్పించి, దూరం నుంచి ఆలస్యంగా వచ్చే పాలో పొద్దున మిగిలిన పాలో తేల్చాక సవర్ ఎంత మిగిలిందో చూడండి. అప్పటికీ కూలర్ కావాలనిపిస్తే 1000 లీటర్లది తీసుకోవద్దు. ట్యాంకరు రోజుకోసారి వస్తే ట్యాంకులో రెండు పూటల పాలు, 1200 లీటర్లు పడాలి. గేదెలు ఈనాక చలికాలంలో పాలు పెరిగి ఇది 1700, 1800కు పోతుంది. రాత్రి 4 డిగ్రీలకు దిగిన పాల మీద పొద్దున వెచ్చటి పాలు పోసినప్పుడు మొత్తం 10 డిగ్రీలు దాటకూడదు, చిన్న మెషిన్ అక్కడే చేతులెత్తేస్తుంది. 2000 లీటర్లదానికి కొటేషన్ తీసుకోండి, వేసవి పూట 600 లీటర్లకు దాని కలిపే రెక్క పాలల్లో మునుగుతుందో లేదో డ్రాయింగు చూపించమని అడగండి.